కళాశాల రచనా కేంద్రాల్లో సహాధ్యాయి బోధన: సిద్ధాంతం, ఆచరణ, తెలుగు పరిశోధనకు అన్వయం

వ్యాససంగ్రహం

ఒక విద్యార్థి రాతప్రతిని మరో విద్యార్థి చదివి, చర్చించి, దాన్ని మెరుగుపరచుకోవడానికి తోడ్పడే పద్ధతి సహాధ్యాయి బోధన. 1970ల తర్వాత అమెరికన్ కళాశాలల్లోని రచనా కేంద్రాలు దీన్ని ఒక వ్యవస్థగా రూపొందించాయి. ఈ పద్ధతి పుట్టిన సందర్భం, దానికి కెన్నెత్ బ్రఫీ సమకూర్చిన సైద్ధాంతిక భూమిక, ట్యూటర్లకిచ్చే శిక్షణ, సమావేశం నడిచే తీరు, దానిపై వచ్చిన విమర్శలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి. సహాయం ఎక్కడ ఆగాలి, రాసే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న ఈ చర్చకు కేంద్రం. తెలుగు శాఖల్లోని పరిశోధన రచనకు ఈ అనుభవం ఎంతవరకు అన్వయిస్తుందో చివరి భాగం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: రచనా కేంద్రం, సహాధ్యాయి బోధన, ట్యూటర్, బ్రఫీ, వర్ణనాత్మక రూపురేఖ, పరిశోధన రచన, పరోక్ష రచన.

1. ఉపోద్ఘాతం

విద్యలో నాలుగో వంతు గురువు నుంచి, నాలుగో వంతు స్వబుద్ధి వల్ల, నాలుగో వంతు సహాధ్యాయుల నుంచి, మిగిలిన వంతు కాలక్రమంలో లభిస్తుందని ఒక ప్రసిద్ధ సంస్కృత సుభాషితం చెబుతుంది. మన విద్యావ్యవస్థ గురువుకు తరగతి గదిని, స్వబుద్ధికి పరీక్షను కేటాయించింది. సహాధ్యాయుల వంతుకు మాత్రం ప్రత్యేక స్థానం కల్పించలేదు. అది వసతిగృహపు గదుల్లో, గ్రంథాలయం మెట్లమీద, టీకొట్టు దగ్గర అనధికారికంగా జరిగిపోతూ ఉంటుంది. రచనా కేంద్రం ఆ వంతుకు ఒక గది, ఒక సమయం, కొన్ని నియమాలు ఏర్పరచింది.

రచనా కేంద్రం పని చూడడానికి చాలా సరళంగా ఉంటుంది. విద్యార్థి తన రాతప్రతితో వస్తాడు. అతనికంటే కొంత అనుభవమున్న మరో విద్యార్థి పక్కన కూర్చుంటాడు. అరగంటో గంటో ఇద్దరూ ఆ రాతప్రతి గురించి మాట్లాడుకుంటారు. ట్యూటర్ మార్కులు వేయడు, దిద్దిపెట్టడు. విద్యార్థి తన కాగితాలతోనే తిరిగి వెళ్లి తానే తిరగరాస్తాడు. ఇంత సరళమైన ఏర్పాటు వెనుక జ్ఞానం ఎలా ఏర్పడుతుంది, రచనపై హక్కు ఎవరిది, సహాయానికీ జోక్యానికీ మధ్య హద్దు ఏది అన్న కఠినమైన ప్రశ్నలున్నాయి.

2. పూర్వరంగం: వీధిబడి నుంచి మద్రాసు పద్ధతి వరకు

విద్యార్థి విద్యార్థికి చెప్పడం దక్షిణ భారతానికి కొత్త కాదు. వీధిబడుల్లో పై పాఠం వచ్చిన పిల్లలు కింది పాఠం పిల్లలకు నేర్పేవారు. మద్రాసు ఎగ్మూరులోని సైనిక అనాథ బాలుర ఆశ్రమాన్ని 1789 నుంచి నిర్వహించిన ఆండ్రూ బెల్, స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి ఆ పద్ధతిని తన పాఠశాలలో ప్రవేశపెట్టాడు. పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు పాఠం చెప్పించాడు. ఆ ప్రయోగాన్ని వివరిస్తూ 1797లో లండన్‌లో నివేదిక ప్రచురించాడు. అదే తర్వాత ఇంగ్లండులో ‘మద్రాసు పద్ధతి’గా పేరుపొందింది. తెలుగు, కన్నడ బడులు రెండూ ఉన్న బళ్లారి జిల్లాకు కలెక్టరుగా పనిచేసిన ఎ.డి. క్యాంప్‌బెల్ కూడా 1823 నాటి తన నివేదికలో, ముందున్న పిల్లలు వెనకబడిన పిల్లలకు నేర్పే స్థానిక పద్ధతిని మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దాన్ని అనుకరించడం సముచితమేనని అభిప్రాయపడ్డాడు.

అయితే ఆ పద్ధతినీ నేటి సహాధ్యాయి బోధననూ ఒకటిగా భావించడం పొరపాటు. మద్రాసు పద్ధతిలోని పెద్ద విద్యార్థి ఉపాధ్యాయుడికి పొడిగింపు. సరైన సమాధానం ముందే నిర్ణయమై ఉంటుంది. దాన్ని కిందివారికి చేరవేయడమే అతని పని. తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి అక్షరాలు నేర్పడం దాని లక్ష్యం. రచనా కేంద్రంలోని ట్యూటర్ చేతిలో అలాంటి సిద్ధ సమాధానం ఉండదు. ఎదుటి విద్యార్థి ఏం చెప్పదలచుకున్నాడో ట్యూటర్‌కు తెలియదు. చాలాసార్లు ఆ విద్యార్థికే స్పష్టంగా తెలియదు. దాన్ని ఇద్దరూ కలిసి వెతకాలి.

3. బ్రూక్లిన్ నేపథ్యం

1970లో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం నగరంలోని ఉన్నత పాఠశాలల్లో ఉత్తీర్ణులైన వారందరికీ ప్రవేశాన్ని కల్పించింది. అంతవరకు కళాశాల గడప తొక్కని శ్రామిక కుటుంబాల పిల్లలు, నల్లజాతివారు, ప్యూర్టోరికన్లు, వలస కుటుంబాలవారు పెద్ద సంఖ్యలో తరగతుల్లోకి వచ్చారు. వారి రాతలు అధ్యాపకులను కలవరపెట్టాయి. సిటీ కాలేజీలో పనిచేసిన మీనా షానెసీ సుమారు 4,000 ప్రవేశ వ్యాసాలను పరిశీలించి, 1977లో ఒక గ్రంథం ప్రచురించింది. ఆ తప్పులు అజాగ్రత్త వల్లనో తెలివితక్కువతనం వల్లనో వచ్చినవి కావనీ, వాటి వెనుక తర్కం ఉందనీ, అవి రాయడం కొత్తగా నేర్చుకునే వ్యక్తి వేసే తడబాటు అడుగులనీ ఆమె నిరూపించింది.

అదే విశ్వవిద్యాలయానికి చెందిన బ్రూక్లిన్ కాలేజీలో ప్రథమ సంవత్సర రచనా బోధనను నిర్వహించిన కెన్నెత్ బ్రఫీ మరో సమస్యను గమనించాడు. కళాశాలలు నిపుణుల చేత అదనపు సహాయం ఏర్పాటు చేసినా, అవసరమున్న విద్యార్థులు దాన్ని వినియోగించుకోవడం లేదు. ఆ సహాయం వారికి ఇబ్బందిపెట్టిన తరగతి గదికి మరో రూపంగానే కనిపించింది. కనుక సహాయపు మోతాదును పెంచడం కాకుండా దాని స్వభావాన్ని మార్చాలన్న ఆలోచన వచ్చింది. అధ్యాపకుడి స్థానంలో తోటి విద్యార్థిని కూర్చోబెట్టడం అలా మొదలైంది. 1970ల మధ్యనాటికి బ్రూక్లిన్‌లో ఈ ఏర్పాటు నెలకొంది. 1976లో మ్యూరియల్ హారిస్ పర్డ్యూ విశ్వవిద్యాలయంలో రచనా ప్రయోగశాలను ప్రారంభించింది. 1977 నుంచి ఈ రంగానికి ప్రత్యేక వార్తాపత్రిక, 1980 నుంచి పరిశోధన పత్రిక వెలువడ్డాయి.

4. సైద్ధాంతిక భూమిక

బ్రఫీ 1984లో ప్రచురించిన వ్యాసాలు ఈ ఆచరణకు సిద్ధాంతాన్ని సమకూర్చాయి. అతని వాదనను మూడు మెట్లుగా గ్రహించవచ్చు.

మొదటిది, ఆలోచన అంటే అంతర్ముఖమైన సంభాషణ. పిల్లవాడు ముందు ఇతరులతో మాట్లాడతాడు, ఆ మాటే క్రమంగా లోపలికి వెళ్లి ఆలోచనగా మారుతుందన్న వైగాట్‌స్కీ ప్రతిపాదన దీనికి ఆధారం. రెండవది, రచన అంటే ఆ అంతర్గత సంభాషణను మళ్లీ బహిర్గతం చేయడం. మూడవది, కనుక మంచి సంభాషణ అలవడితే మంచి ఆలోచన, మంచి ఆలోచన అలవడితే మంచి రచన సాధ్యమవుతాయి. విద్యార్థికి ముందుగా కావలసింది, అతని విషయం గురించి అతనితో ఆసక్తిగా, పద్ధతిగా మాట్లాడే మనిషి.

ఇక్కడ ఒక సహజమైన ఆక్షేపణ వస్తుంది. ఇద్దరికీ తెలియనప్పుడు ఒకరికొకరు ఏం నేర్పగలరు? బ్రఫీ సమాధానం ప్రకారం ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకే జ్ఞానం కాదు. వచ్చిన విద్యార్థికి తన విషయం, తనకిచ్చిన పని తెలుసు. ట్యూటర్‌కు విద్యావిషయక రచనా సంప్రదాయాలు కొంత తెలుసు. ఈ రెండూ కలిసినప్పుడు ఏ ఒక్కరూ ఒంటరిగా చేయలేని పని సాధ్యమవుతుంది.

అదే 1984లో స్టీఫెన్ నార్త్ రాసిన వ్యాసం ఈ రంగానికి ప్రకటనపత్రం వంటిది. రచనా కేంద్రాన్ని వ్యాకరణ దోషాలు బాగుచేసే మరమ్మతు దుకాణంగా చూసే సహోద్యోగుల ధోరణిని అతను తీవ్రంగా నిరసించాడు. కేంద్రం మెరుగుపరచవలసింది రాసే మనిషిని, అతని చేతిలోని కాగితాన్ని కాదన్నది నార్త్ ప్రతిపాదన సారాంశం. తర్వాతి దశాబ్దాల చర్చ అంతా ఈ భేదం చుట్టూనే తిరిగింది.

5. ట్యూటర్ల శిక్షణ

బాగా రాయగలవారంతా బాగా చదివి చెప్పగలరన్న హామీ లేదు. అందుకే బ్రూక్లిన్ పద్ధతిలో ట్యూటర్లు క్రెడిట్లున్న ఒక రచనా కోర్సు చేస్తారు. అందులో వారు వ్యాసాలు రాసి, ఒకరి వ్యాసాన్ని మరొకరు లిఖితపూర్వకంగా సమీక్షించుకుంటారు. ఈ సమీక్ష దశలవారీగా సాగుతుంది.

మొదటి దశలో మెచ్చుకోలుకు గాని, తప్పుపట్టడానికి గాని అవకాశం లేదు. ‘వర్ణనాత్మక రూపురేఖ’ మాత్రమే తయారుచేయాలి. అంటే ప్రతి పేరాకు రెండు వాక్యాలు రాయాలి. ఆ పేరా ఏం చెబుతోంది అన్నది ఒకటి, వ్యాసంలో అది ఏ పని చేస్తోంది అన్నది రెండవది. చెప్పేదీ చేసేదీ వేరన్న ఎరుక ఈ అభ్యాసం వల్ల కలుగుతుంది. ఒక పేరా గురజాడ జననాన్ని గురించి చెప్పవచ్చు, వ్యాసంలో ఏ పనీ చేయకపోవచ్చు. రెండవ దశలో ఏకత, పొందిక, శైలి మొదలైన అంశాలపై మూల్యాంకనం ఉంటుంది. మూడవ దశలోనే విషయంతో, అభిప్రాయంతో తలపడాలి. చదవడం, విలువకట్టడం, వాదించడం అన్న క్రమాన్ని తారుమారు చేయకపోవడమే ఈ శిక్షణలోని కీలకం. మన సెమినార్లలో చాలా చర్చలు మూడవ దశతోనే మొదలవుతాయన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోదగినది.

ఏది ముందు చర్చించాలన్న దానిపై థామస్ రీగ్‌స్టాడ్, డొనాల్డ్ మెక్ఆండ్రూ 1984లో ఒక ప్రాధాన్యక్రమాన్ని సూచించారు. ప్రతిపాదన, నిర్మాణం, వివరణ పై స్థాయి అంశాలు. వాక్యనిర్మాణం, విరామచిహ్నాలు, వర్ణక్రమం కింది స్థాయి అంశాలు. తొలగించబోయే పేరాలోని అక్షరదోషాలను దిద్దడం వృథా కనుక పై స్థాయి ముందు చూడాలి.

6. సమావేశ స్వరూపం: ఒక ఊహాత్మక ఉదాహరణ

తెలుగు శాఖలో మొదటి సంవత్సరం పరిశోధకురాలు ‘కన్యాశుల్కం’ రెండు కూర్పులపై ఒక అధ్యాయం రాసి, తన సీనియర్ పరిశోధకురాలి దగ్గరకు వచ్చిందనుకుందాం. ఇరవై పుటల అధ్యాయంలో మొదటి ఆరు పుటలు గురజాడ జీవితం, విజయనగర సంస్థాన చరిత్ర. అసలు ప్రతిపాదన తొమ్మిదో పుటలో, అదీ ఒక పేరా మధ్యలో ఉంది.

అనుభవజ్ఞులైన వారికి తోచే సులభమైన మార్గం ఎర్ర కలంతో ఆరు పుటలూ కొట్టివేయడం. అందుకు రెండు నిమిషాలు చాలు. సహాధ్యాయి బోధన తెలిసిన సీనియర్ ఆ పని చేయదు. “ఈ పేరా ఏం చెబుతోందో ఒక్క మాటలో చెప్పమ్మా” అంటుంది. “గురజాడ ఆనందగజపతి ఆస్థానంలో పనిచేశారని చెబుతోంది అక్కా.” “అధ్యాయంలో దాని పనేమిటి?” కొంత మౌనం తర్వాత, “పనేమీ లేదు. అందరూ రాస్తారు కదా అని రాశాను” అన్న జవాబు వస్తుంది. ఇదే సమాధానం ఐదు పేరాలకు వస్తుంది. ఆరో పేరా దగ్గర ఆమె ఆగుతుంది. విశాఖపట్నం జిల్లాలో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితాను మహారాజు తయారుచేయించారనీ, ఆ సంగతిని గురజాడ 1897 నాటి తొలి కూర్పు పీఠికలోనే ప్రస్తావించారనీ అందులో ఉంది. “ఇది మాత్రం కావాలి అక్కా. మొదటి కూర్పు ఒక సాంఘిక ప్రయోజనం కోసం రాసిందని తర్వాత అంటున్నాను. 1909 కూర్పులో నాటకం ఆ ప్రయోజనాన్ని దాటి విస్తరించిందని నా వాదన. ఈ జాబితా అక్కడికి వెళ్లాలి.”

ఎర్ర కలం పని చేసి ఉంటే నిరుపయోగమైన ఐదు పేరాలతో పాటు ఆరోదీ పోయేది. అధ్యాయం చిక్కగా కనిపించేది గాని, వాదనకు కావలసిన ఆధారం మాయమయ్యేది. అంతకంటే ముఖ్యం, తర్వాతి అధ్యాయాన్ని కూడా ఆమె జీవితచరిత్రతోనే మొదలుపెట్టేది. ప్రశ్నకు పట్టిన అరగంటలో ఆమె పేరాలను పరీక్షించుకునే పద్ధతిని సంపాదించుకుంది.

7. వివాదాలు, విమర్శలు

7.1 పదబంధంలోని వైరుధ్యం: సహాధ్యాయి అంటే సమానుడు, ట్యూటర్ అంటే ఎంతో కొంత పైవాడు. ఈ రెండూ ఒకే వ్యక్తిలో ఎలా ఇముడుతాయని జాన్ ట్రింబర్ 1987లో ప్రశ్నించాడు. ట్యూటర్‌కు ఒకవైపు తోటి విద్యార్థుల పట్ల, మరోవైపు తనను ఎంపిక చేసిన సంస్థ పట్ల విధేయత ఉంటుంది. శిక్షణ అతణ్ణి చిన్న అధ్యాపకుడిగా మార్చివేస్తే సహాధ్యాయి బోధన ఉద్దేశమే దెబ్బతింటుంది. తోటి అభ్యాసకుడిగా ఉండడం ముందు అలవడాలనీ, నైపుణ్యం క్రమంగా రావాలనీ ట్రింబర్ సూచించాడు.

7.2 కనిష్ఠ జోక్యం: 1991లో జెఫ్ బ్రూక్స్ కనిష్ఠ జోక్య వాదాన్ని ఆచరణ సూత్రాలుగా కుదించాడు. బల్లకు ఎదురుగా కాక విద్యార్థి పక్కన కూర్చోవాలి. కాగితం ట్యూటర్‌కంటే విద్యార్థికే దగ్గరగా ఉండాలి. ట్యూటర్ చేతిలో పెన్సిల్ ఉండకూడదు. కుడిచేతి వాటం గలవారైతే విద్యార్థికి కుడిపక్కన కూర్చుంటే కాగితం మీద రాయడం కష్టమవుతుంది. విద్యార్థి చేతనే పైకి చదివించాలి. ఈ సూచనలు చిన్నవిగా కనిపించినా, రచనపై హక్కు ఎవరిదన్నదాన్ని కూర్చునే తీరు కూడా నిర్ణయిస్తుందన్న గ్రహింపు వీటిలో ఉంది.

7.3 చెప్పవలసినది చెప్పకపోవడం: ఈ వాదానికి బలమైన ప్రతివాదాలు వచ్చాయి. 1993లో జూడిత్ పవర్స్, ఇంగ్లీషు మాతృభాష కానివారి విషయంలో పైకి చదివించడం, ప్రశ్నలతో రాబట్టడం వంటి పద్ధతులు విఫలమవుతున్నాయని చూపింది. చెవికి ముందే పరిచయమైన రూపాన్నే చెవి గుర్తుపడుతుంది. పరిచయం లేని రూపాన్ని ఎంతసేపు ప్రశ్నించినా రాబట్టలేం. అలాంటివారికి ట్యూటర్ ఆ రచనా సంస్కృతిని నేరుగా తెలియజెప్పాలి. 1995లో లిండా షమూన్, డెబొరా బర్న్స్ సంగీత శిక్షణను ఉదాహరణగా చూపుతూ, నిష్ణాతులు చేసి చూపడం, శిష్యులు అనుకరించడం కూడా సాధికారమైన అభ్యసన మార్గమేనని వాదించారు. కర్ణాటక సంగీత శిక్షణ ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ వాదన తేలికగా అర్థమవుతుంది. 2016లో లోరి సేలమ్ తన అధ్యయనంలో రచనా కేంద్రాలకు ఎవరు వస్తున్నారన్నది పరిశీలించి, సామాజికంగా అంతగా అనుకూలత లేని విద్యార్థుల అవసరాలకు సంప్రదాయికమైన పరోక్ష పద్ధతి సరిపోతుందా అని ప్రశ్నించింది.

ఈ విమర్శల నుంచి తేలేది ఒకటే. నియమాలు తెలిసినవాడికి మౌనం స్వేచ్ఛగా పనిచేస్తుంది. నియమాలు తెలియనివాడికి అదే మౌనం మూసిన తలుపవుతుంది.

8. తెలుగు పరిశోధనకు అన్వయం

తెలుగు శాఖల్లో పరిశోధకులు తమ కుటుంబాల్లో ఉన్నత విద్యకు వచ్చిన మొదటి తరం వారు కావడం అరుదేమీ కాదు. ఇంట్లో ఉర్దూ, లంబాడీ, గోండీ మాట్లాడేవారూ, శిష్టవ్యవహారానికి దూరమైన మాండలికం మాట్లాడేవారూ తెలుగులో సిద్ధాంతగ్రంథం రాయవలసి వస్తుంది. ‘ఈ కథలో రచయిత స్త్రీల సమస్యలను చెప్పబడింది’ వంటి వాక్యాలు అభ్యర్థుల రాతల్లో తరచుగా కనిపిస్తాయి. కర్తరి, కర్మణి నిర్మాణాలు కలిసిపోయిన ఈ వాక్యం, షానెసీ వివరించినట్లే, అజ్ఞానం వల్ల పుట్టింది కాదు. శాస్త్రీయంగా వినిపించాలన్న ప్రయత్నంలో కర్మణి రూపాన్ని అరువు తెచ్చుకుని, కర్తను వదులుకోలేకపోవడం వల్ల పుట్టింది. ఇటువంటిచోట ట్యూటర్ ప్రశ్నలతో కాలయాపన చేయరాదు. ‘రచయిత చెప్పాడు’, ‘కథలో చెప్పబడింది’ అన్న రెండు మార్గాలను చూపి, ఒకదాన్ని ఎంచుకోమనాలి. తర్వాత వచ్చే పుటలో అలాంటి వాక్యాన్ని అభ్యర్థి చేతనే పట్టించాలి. మాండలిక పదం వచ్చినప్పుడు మాత్రం దాన్ని తప్పుగా కొట్టివేయకూడదు. అది ఆధారమా, ఉదాహరణా, అలవాటా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఇంతకంటే తీవ్రమైన అంశం పరోక్ష రచన. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నియమావళి ప్రకారం సిద్ధాంతగ్రంథంలో ఇతర మూలాలతో పోలిక 10 శాతం దాటితే చర్య ఉంటుంది. పోలికను కొలిచే సాఫ్ట్‌వేర్ నకలును పట్టగలదు గాని, డబ్బు తీసుకుని మరొకరు కొత్తగా రాసిపెట్టిన గ్రంథాన్ని పట్టలేదు. అలాంటి గ్రంథంలో పోలిక శాతం సున్నాకు దగ్గరగా కూడా ఉండవచ్చు. సిగ్గుపడకుండా సహాయం అడిగే చోటు లేనప్పుడు అభ్యర్థి రాసిపెట్టేవారిని ఆశ్రయిస్తాడు. పర్యవేక్షకుడిని అడిగితే తన అర్హతే ప్రశ్నార్థకమవుతుందన్న భయం అందుకు తోడవుతుంది. మార్కులతో, నివేదికలతో సంబంధం లేని తోటి పరిశోధకుడి దగ్గర ఆ భయం తగ్గుతుంది. రాసిపెట్టడానికి ప్రత్యామ్నాయంగా రాయడానికి తోడుండే వ్యవస్థను కల్పించకుండా, కేవలం శిక్షలతో ఈ సమస్యను ఎదుర్కోవడం కష్టం.

ఇందుకు నియమావళిలో అవకాశం లేకపోలేదు. 2022 నాటి పిహెచ్.డి. నిబంధనలు పరిశోధకులందరికీ తమ విషయానికి సంబంధించిన బోధన, రచనల్లో శిక్షణ అవసరమంటున్నాయి. ట్యుటోరియల్ వంటి పనులకు వారానికి 4 నుంచి 6 గంటలు కేటాయించవచ్చునని కూడా చెబుతున్నాయి. సీనియర్ పరిశోధకులకు ఆ గంటల్లో కొన్నింటిని రచనా సహాయానికి కేటాయించడానికి కొత్త భవనం, కొత్త పద్దు అవసరం లేదు.

అయితే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ఒకటి, ట్యూటర్లకు పని గుర్తింపు ఉండాలి. లేకపోతే ఇది జూనియర్లకు సేవగానో, సీనియర్లకు వెట్టిగానో మారుతుంది. రెండు, సమావేశంలో మాట్లాడుకున్నది పర్యవేక్షకుడికి చేరకూడదు. మూడు, ఒకే పర్యవేక్షకుడి కింద పనిచేసే ఇద్దరిని జతచేయకపోవడం మంచిది. నాలుగు, మన విశ్వవిద్యాలయాల్లో సీనియర్, జూనియర్ సంబంధం అమాయకమైనది కాదు. కులం, లింగం, ప్రాంతం, వసతిగృహ రాజకీయాలు అందులో కలిసి ఉంటాయి. ట్యూటర్‌ను మార్చుకునే హక్కు అభ్యర్థికి ఉంటేనే ‘సహాధ్యాయి’ అన్న మాటకు అర్థముంటుంది. ఐదు, విషయ నిర్ణయం, మూలాల ప్రామాణ్యం, సిద్ధాంత నిర్ధారణ పర్యవేక్షకుడి పరిధిలోనివే. ట్యూటర్ వాటిలో తీర్పు చెప్పరాదు.

9. ముగింపు

కొత్త సామాజిక వర్గాలు కళాశాలలోకి అడుగుపెట్టినప్పుడు పాత బోధనా పద్ధతి చాలకపోవడం వల్ల సహాధ్యాయి బోధన పుట్టింది. తెలుగు శాఖల నేటి పరిస్థితికి దాన్ని సన్నిహితం చేసేది ఈ అంశమే. బ్రఫీ సిద్ధాంతం సంభాషణకు విలువ కల్పించింది. నార్త్ దృష్టిని కాగితం నుంచి మనిషి మీదికి మళ్లించాడు. తర్వాతి విమర్శకులు, మౌనంగా ఉండడమే అన్నివేళలా సహాయం కాదని గుర్తుచేశారు. వీటన్నిటినీ కలిపి చూస్తే ట్యూటర్ పాటించవలసిన నియమం తేటపడుతుంది. అభ్యర్థికి తెలిసినదాన్ని అడిగి రాబట్టాలి, తెలియనిదాన్ని దాచకుండా చెప్పాలి, రాయడం మాత్రం అభ్యర్థి చేతికే వదలాలి. సిద్ధాంతగ్రంథం మొదటి పుటలో ఇది తన స్వీయ రచన అని అభ్యర్థి సంతకం చేస్తాడు. ఆ సంతకం నిజమయ్యేలా తోడ్పడడమే సహాధ్యాయి బోధన ప్రయోజనం.